బదుళ్ల గోలీలు

శ్రావణమాసం, మంగళవారం మధ్యాహ్నం. సూర్యాపేటలో దవాఖాన, ఎమర్జెన్సీ వార్డు. ఉన్నవాళ్లు: మా అక్క, ఆమె కొడుకు, డ్యూటీ డాక్టరమ్మ, నేను.

ఆ రోజు నా డైరీ అలా మొదలైంది. అక్క ఊరు త్రిపురారంలో నాట్ల కాలం. డెబ్బై దాటినా అక్క మడిలో దిగుతుంది. ఇవాళ మా పొలం, రేపు మీ పొలం అని ఆడవాళ్లు బదుళ్లకు పోతారు. నడుములు పట్టేస్తే చాయ్‌తో పాటు నొప్పి గోలీలూ చేతులు మారతాయి. ఇచ్చింది వద్దంటే బాగుండదు. వాటికి తోడు ఆర్‌ఎంపీ కట్టిచ్చిన పొట్లం. అన్నింట్లోనూ ఉన్నది పారాసిటమాలేనని అక్కకు తెలియదు. నాట్లు సాగినన్ని రోజులూ వేసుకుంది. చివరికి వాంతులు పట్టుకున్నాయి.

సెలైన్ ఎక్కాక వాంతులు ఆగాయి. అక్క లేచి కూర్చుంది.

"ఇగ పోదాం పా. రేపు పక్కింటామె నాటు. నేను పోకుంటే మన నాటుకు ఎవలొస్తరు?"

"మంచిగైంది గద మామా, తోల్కపోదాం," అన్నాడు మేనల్లుడు.

పారాసిటమాల్ ఎక్కువైతే విరుగుడు కావాలో వద్దో చెప్పే చార్టు గోడకుంటే, డాక్టరమ్మ దాన్ని చూపించింది. "ఇది ఒక్కసారే ఎక్కువ మింగినోళ్లకు. రోజుల తరబడి వేసుకున్నోళ్లకు దీన్ని వాడొద్దని గైడ్‌లైన్స్‌లోనే ఉంది. నీ గోలీలన్నింట్లోనూ ఉన్నది ఒక్కటే మందు. పరీక్షలో లివర్ దెబ్బతిన్నట్టు కనిపిస్తోంది, విరుగుడు ఇప్పుడే ఎక్కించాలి. ఇయ్యాల మంచిగనే ఉంటవ్ అవ్వా. ఇంటికి పోతే పానం మీదికొస్తది."

అక్క నా వైపు చూసింది. నాకు చిన్నప్పుడు పోయిన మిర్యాలగూడ పాత దవాఖాన గుర్తొచ్చింది. కాంపౌండర్ ఎర్రమందు సీసాకు గాట్లు కత్తిరించిన కాగితం అంటించేవాడు. పూటకు ఒక గాటు. ఆ తీపికి నేను ఇంకో గుక్క తాగబోతే, అక్క సీసా గుంజుకుని నెత్తి మీద మొట్టేది.

"గాటు దాటితే మొట్టినవ్ గదక్కా," అన్నాను. "ఈ విరుగుడు సీసాకూ గీతలున్నయ్. కింది గీతదాక దిగినంకనే పోదాం."

"అప్పటిది ఇప్పుడు తీస్తవారా!" అంటూనే పడుకుంది. "మరి నాటు?"

"నీ కొడుకు దిగుతడు."

"వానికి నారు పట్టుడే రాదు," అని నవ్వింది. మేనల్లుడు తల గోక్కున్నాడు.

మరుసటి రోజు పొద్దున రిపోర్టు వచ్చింది. లివర్ మరీ చెడలేదు, మందు మాత్రం ఇంకా ఎక్కాలంది డాక్టరమ్మ. అంతలో పక్కింటామె మొదటి బస్సుకే దిగింది.

"నువ్వు లేంది నాటేంది వదినే? ఎల్లుండికి జరుపుకున్న," అంటూ అక్క చేతిని పట్టుకుంది. సూది గుచ్చినచోట వాచి ఉంది. "నొస్తుందా?" అని కొంగుముడి విప్పి నొప్పి గోలీ తీసింది.

అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా అరచేతిలో పెట్టింది.

"డాక్టరమ్మకు సూపెట్టిరా పో."