మా గల్లీని చెరువని రాసిన బావ

మా బావ పోయిండు. దవాఖాన నుంచి ఫోన్ చేసిన ఆడమనిషి గుజరాతీల చెప్తే నేను నమ్మలే. మా లింబాయత్ బస్తీల సగంమందిని ఏదో ఒక అబద్ధంతోని ఉరికిచ్చినోణ్ణి. ఇయ్యాల నా వంతు వచ్చిందనుకొని నోటికొచ్చినట్టు తిట్టిన. ఆమె మొత్తం విన్నది. విని, బావ పేరు, మంచం నంబరు మళ్లొకసారి చదివింది.

పోయినోళ్ల గురించి మంచే రాయాలంటరు. బావ మంచి రాయాలంటే నా చెడ్డ రాయక తప్పదు. జర ఓపిక పట్టుండ్రి.

బావ అంటే మా అక్క మొగుడు. పదిహేనేండ్లు నాతోనే సాంచల మీద, అదే కరెంటు మగ్గాల మీద, చీర గుడ్డ నేసిండు. ఆ మోతకు చెవులు మందగించినంక, స్మార్ట్ సిటీ మ్యాపు కోసం సర్వే చేసే ఒక కంట్రాక్టు కంపెనీల చేరిండు. పని ఏందంటే, ఉపగ్రహం పైనుంచి ఫోటో తీస్తది. ఆ ఫోటోల ఇది ఇల్లు, ఇది రోడ్డు, ఇది చెట్టు అని కంప్యూటర్ రంగులేస్తది. బావ ఆ కాగితం పట్టుకొని గల్లీ గల్లీ తిరిగి, కంప్యూటర్ చెప్పింది నిజమా కాదా చూసి కింద సంతకం పెట్టాలె. చెత్త బండి ఎక్కడ ఆగాలె, మోరీ ఎటు పోవాలె, దీపం ఎక్కడ నిలబెట్టాలె, అన్నీ ఆ మ్యాపు చూసే.

ఆ పనిల పడ్డంక మనిషే మారిండు. ఎవరన్న కనబడితే ముందు వాళ్ల ఇంటి కప్పు చూసి, తర్వాత మొఖం చూసేటోడు. మా చిన్నాయన బిడ్డ పెండ్లిల అందరు పెండ్లికొడుకును చూస్తుంటే ఈయన మీదికి చూసి, "ఈ షామియానా ఫోటోల పడితే కంప్యూటర్ ఫ్యాక్టరీ అంటది బామ్మర్దీ" అన్నడు. ఎవరి తలుపైనా పెన్సిల్‌తోని మూడుసార్లు కొట్టేది, నాలుగోసారి కొట్టకపోయేది. "పైనుంచి కప్పు కనబడతది. కప్పు కింద ఎందరున్నరో కనబడదు. అది చూసేటందుకే నాకు జీతం" అనేటోడు.

"అబ్బో, కలెక్టర్ సాబు" అని ఎక్కిరించేటోణ్ణి.

లాక్‌డౌన్‌కు ముందటి వానకాలం. మా సాంచల సేఠు మస్తు లావు మనిషి. ఆయన నిచ్చెన ఎక్కుతుంటే చూడాలని నాకు బుద్ధి పుట్టింది. గొంతు మార్చి, సర్వే ఆఫీసోని లెక్క హిందీల ఫోన్ చేసిన. "గురువారం ఉపగ్రహం మీ గల్లీ మీదికెళ్లి పోతది. పర్మిషన్ లేని రేకులు కనబడితే పీకిస్తరు. మీ గల్లీల మా సర్వే మనిషి ఉన్నడు, ఆయనకు, ఆయన పెండ్లానికి చెప్పకుండ్రి, పాపం నౌకరి పోతది."

మా గల్లీల పర్మిషన్ ఉన్న రేకు ఒక్కటి లేదు. సేఠు ఎక్కిండు. ఆయనతోపాటు గల్లీ మొత్తం ఎక్కింది. గుడ్డ తాన్లు తడవకుండ కప్పే నీలిరంగు ప్లాస్టిక్ పట్టాలు ఈ కొస నుంచి ఆ కొస దాక పరిచిండ్రు. నేను కింద నిలబడి, "ఆ మూల కనబడుతున్నది, ఇంకా గుంజు" అనుకుంట నవ్వలేక సచ్చిన.

బావ ఆ దినాలు నది అవతల అడాజన్‌ల తిరుగుతున్నడు. ఇంటికొచ్చి పట్టాలు చూసి, వానకు కప్పిండ్రనుకున్నడు. నేను ఉత్తగ అన్న ఫోటో నిజంగనే ఆ నెలల పడ్డది. కంప్యూటర్‌కు నీలిరంగు కనబడ్డది, చెరువు అని రాసుకున్నది. కాగితం బావ చేతికొచ్చింది. లోకం తలుపులన్నీ తట్టిన మనిషి ఆ ఒక్క కాగితం చూడకుండ సంతకం పెట్టిండు. మన గల్లీనే కదా, చూసేదేముంది అని. నలభై ఇండ్లు చెరువైనయి. అందుల ఆయనది ఒకటి. తర్వాత తనిఖీల బయటపడ్డది.

"రోజూ ఈత కొట్టుకుంట డ్యూటీకొస్తున్నవా?" అని కంపెనీ సూపర్‌వైజర్ అందరి ముందట అడిగిండట. పని పోయింది. మ్యాపు అప్పటికే పైకి పోయింది, దాన్ని ఎవరు దిద్దలే. తెల్లారి నేనేం చేసిన్నో చెప్పాల్నా? బావ తలుపుకు చేపల వల కట్టిన. గల్లీ గల్లీ కడుపు పట్టుకొని నవ్వింది. బావ వల ఇప్పి, మడతపెట్టి నా చేతిల పెట్టిండు. "చిరగలే. ఎవరిదో వాళ్లకిచ్చెయ్" అన్నడు.

అక్క నవ్వలే. "ఊరందరి ఇండ్లు కనబడ్డయి, నీ ఇల్లు నీకు కనబడలేదా, గుడ్డోడా" అని ఏడాది పొడుగునా పొడిచింది. అన్నం పెట్టినప్పుడల్ల పొడిచింది. నేను అదే బంతిల కూసొని తిన్న. కూర మళ్లా ఏయించుకున్న గని నోరు ఇప్పలే.

లాక్‌డౌన్ వచ్చి సాంచలు బందయినయి. ఏదో ట్రస్టోళ్లు రేషన్ బండ్లు పంపిండ్రు. బండి ఎక్కడ ఆగాలన్నది ఆ మ్యాపు చూసే రాసుకున్నరు. పక్క గల్లీల ఆగింది, అవతలి గల్లీల ఆగింది. మేం అడ్డం పోతే డ్రైవర్ ఫోన్ చూపెట్టిండు, "ఇక్కడ నీళ్లున్నయి భాయ్." మూడు దినాలు మాకు ఒక్క పొట్లం రాలే. ఎదురింటి ముసలమ్మ గంజినీళ్లు తాగి పండుకున్నది. నవ్వినోళ్లందరు తలుపులేసుకున్నరు.

నాలుగోనాడు బావ పోయి బండికి అడ్డం నిలబడ్డడు. "తోలు. మునిగితే నేను తీస్త" అన్నడు. రెండు చేతులు ఊపుకుంట, ఎనకకు నడుచుకుంట బండిని గల్లీలకు తెచ్చిండు. ఇగ రోజూ అదే పని. తలుపుకు మూడు దెబ్బలు, లోపల ఎందరని అడుగుడు, పొట్లం పెట్టుడు. జీతం లేదు. మ్యాపు దిద్దుమని కంపెనీకి అర్జీల మీద అర్జీలు పెట్టిండు. పని పోయినోని మాట చెల్లదన్నరు. రెండో ఏడు కరోనా పరీక్షలోళ్లు వస్తే వాళ్ల ముందట కూడ ఆయనే నడిచిండు, ఇల్లిల్లు తిప్పిండు. ఏ ఇంట్ల అంటుకున్నదో.

జ్వరమొచ్చినంక మీది అర్రల ఒక్కడే ఉన్నడు. నేను గల్లీల నిలబడి కిటికీ దిక్కు చూసి గట్టిగ మాట్లాడేది. అక్క నీళ్లకు పోయినప్పుడు ఒకనాడు చెప్పిన.

"బావా, ఆ సేఠుకు ఫోన్ చేసింది నేనే."

చానసేపు దగ్గిండు. "ఎరుకే. సేఠు నంబరు చూపెట్టిండు. మీ అక్క నీకిచ్చిన పాత సిమ్ము. ఆయనకు తెల్వదు, నాకు తెల్వదా?"

"మరి అక్కకు చెప్పలేదేంది?"

"చెప్తే నీకు అన్నం ఎవరు పెడతరు రా? సంతకమైతే నాదే కదా."

నన్ను క్షమించిండని అనుకోకుండ్రి. ఆ మాట అని కిటికీ మూసుకున్నడు. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు పిలిచినా తియ్యలే. మూడోనాడు దవాఖానకు తీసుకపోయిండ్రు. శవాన్ని కూడ మా చేతికియ్యలే.

మ్యాపు ఇంకా మారలే. అక్క కూడ మారలే. చీర అంచుకు పూసలు కుట్టుకుంట, పోయినోణ్ణి ఇప్పటికీ తిడుతది. "కండ్లు లేనోడు. కండ్లుంటే నౌకరి ఉండు. నౌకరి ఉంటే ఆ రోగాల ఇండ్లల్ల తిరుగకపోవు" అంటది.

ఇక్కడి మన తెలుగోళ్ల సంఘం పత్రికకు నాలుగు ముక్కలు రాయమన్నరని నేనే ఆమెకు చెప్పిన. నన్ను ఐదు దాక తెలుగు బడికి పంపిండ్రు, అక్కను ఏ బడికీ పంపలే. ఇయ్యాల పొద్దున ఈ కాగితాలు చూసి, "అయ్యిందారా? పంపకముందే నాకు చదివి వినిపియ్యి" అన్నది.

"చాన ఉన్నదక్కా."

"ఉండనియ్యి. ఒక్క ముక్క ఇడిసిపెట్టకు."

ఇగో, ఎదురుంగ గడప మీద కూసున్నది. చీర గాలికి ఎగరకుండ దాని మీద కాలు పెట్టింది. సూది పండ్ల మధ్య పట్టుకొని, నా నోటి దిక్కే చూస్తున్నది.