నేరుగా ఇవ్వని పెద్ద ఈరన్న

పెద్ద ఈరన్న ఏ వస్తువునైనా అది చేరవలసిన మనిషి చేతిలో పెట్టడు. పిసినారి అనుకునేరు, కాదు. ధారాళంగా ఇస్తాడు. కాకపోతే నేరుగా ఇవ్వడు, అంతే. పక్కింటికి నాలుగు వంకాయలు పంపాలన్నా టీ కొట్టు ఆంజనేయకు అప్పగిస్తాడు. ఆంజనేయ ఇంకొకరికి, వాళ్లు మరొకరికి. గోడ మీదుగా చెయ్యి చాపితే అందే ఇంటికి ఆ వంకాయలు కోసిగి ఊరంతా తిరిగి సాయంత్రానికి చేరతాయి. అప్పటికి రెండు మిగిలితే గొప్ప.

మొన్న ఉగాదికి భార్య మహాదేవమ్మకు చీర కొన్నాడు. పద్ధతి పద్ధతే కదా! ఆ చీర ఆంజనేయ చేతుల మీదుగా ఆమెకు చేరింది. మహాదేవమ్మ ముచ్చటపడి కట్టుకుంది కానీ, ఆంజనేయ పెళ్లాం మాత్రం మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. ఎంత సంజాయిషీ ఇచ్చినా పాపం అతనికి హోటలు తిండే గతి అయింది.

ఇంతకీ ఈయన చేసిన ఉద్యోగం ఏమిటనుకున్నారు? పోస్ట్‌మ్యాన్! ముప్పై ఏళ్లు ఎండనక వాననక తిరిగి, ఎవరి ఉత్తరం, ఎవరి పింఛను వాళ్ల చేతిలోనే పెట్టినవాడు. రిటైరైన మర్నాటి నుంచి మొదలైంది ఈ చాదస్తం. ఇచ్చి ఇచ్చి చేతులు మొండికేసినాయని ఊళ్లో అనుకుంటారు. పెళ్లిలో అక్షింతలు కూడా పక్కవాడి దోసిట్లో పోసి, నా తరఫున వేయమంటాడు.

అలాంటి మనిషితో పడింది ప్రేమజ్యోతికి పని. ఆమె ఈరన్న తమ్ముడి కూతురు. ఇంజనీరింగ్ ముగించి రెండేళ్లుగా కర్నూలు హాస్టల్లో ఉంటూ ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టి పెట్టి విసిగిపోయింది. ఈ నెలలో ఏదీ కుదరకపోతే ఆదోనిలో బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్లో కూర్చోవాలని ఇంట్లో తేల్చి చెప్పారు. సరిగ్గా అప్పుడు కనపడింది ఒక ప్రకటన. బ్లాక్‌చెయిన్ మీద దానధర్మాలు నడిపే ప్రాజెక్టు ఒకటుంది, అందులో పని నేర్పే గురువు దగ్గర ఆరు నెలల శిక్షణ, నెలనెలా భత్యం. బాగా చేస్తే అక్కడే ఉద్యోగం. జ్యోతి ప్రాణం లేచొచ్చింది.

దరఖాస్తులో అన్నీ నింపింది. ఒక్కటే మిగిలింది. పేదలకు సాయం అందే తీరు దగ్గరుండి చూసిన ఊరి పెద్ద ఎవరైనా స్వదస్తూరీతో రాసిన ఉత్తరం జతచేయాలట. ముప్పై ఏళ్లు గడపగడపకూ పింఛన్లు మోసిన పెద్దనాయన కంటే ఎవరున్నారు?

ఫోన్లో ఆయనకు బ్లాక్‌చెయిన్ అంటే ఏమిటో ఓపిగ్గా చెప్పింది. ఎవరో ఇచ్చిన సాయం ఒక్కో చెయ్యి మారినప్పుడల్లా ఆ సంగతి ఒకేసారి ఎన్నో కంప్యూటర్లలో నమోదవుతుందని, మధ్యలో ఎవరూ దాన్ని చెరపలేరని వివరించింది. చేతులు మారడం అనగానే ఈరన్న ఉత్సాహానికి పట్టపగ్గాలు లేవు. ఇన్నాళ్లకు తన పద్ధతి కంప్యూటరోళ్లకు తెలిసొచ్చిందన్నాడు. తర్వాత ఒక్క ప్రశ్న వేశాడు.

"అంతా బాగుండాది పాపా. ఇచ్చినోడు ఎవురో తీసుకునేటోళ్లకు తెలుస్తాదా?"

జ్యోతి కనుక్కుంటానని దాటేసింది.

ఉత్తరం రాశాడు, కవరుకు గోందు పూసి అంటించాడు. ఫోటో తీయించి పంపమని జ్యోతి బతిమాలింది. అది నేరుగా ఇచ్చినట్టే అవుతుందని ఆయన ససేమిరా అన్నాడు. గడువు బుధవారం సాయంత్రం ఐదు గంటలు. బుధవారం పొద్దున కవరు మహాదేవమ్మ చేతికొచ్చింది. ఆమె ఆంజనేయకు ఇచ్చింది. జ్యోతి ఆంజనేయకు ఫోన్ చేసి, కాస్త విప్పి ఫోటో కొట్టు అన్నా అని అడిగితే, ఈరన్న కవరు విప్పేంత పాపం తనవల్ల కాదన్నాడు. ఆ కవరును అతను బస్సు కండక్టరు రంగస్వామికి అందించాడు.

జ్యోతి మూడు గంటలకే కర్నూలు బస్టాండులో కాపు కాసింది. కళ్లు కాయలు కాచాక, నాలుగుంబావుకు బస్సొచ్చింది. రంగస్వామి దిగాడు, జేబులో కవరు కనపడుతూనే ఉంది. హమ్మయ్య అని చెయ్యి చాపింది. రంగస్వామి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నేను నీకు ఇయ్యగూడదు పాపా. ఇంగొక చెయ్యి మారాలని ఈరన్నప్ప చెప్పినాడు."

జ్యోతికి ఏడుపొక్కటే తక్కువ. రంగస్వామి మాత్రం తాపీగా బస్సులోకి తొంగిచూసి, హాస్టల్లో చదువుతున్న కూతురిని చూడటానికి కోసిగి నుంచి వచ్చిన సుంకమ్మను పిలిచాడు. సుంకమ్మ మూట దించుకుని, చెంగుతో చేతులు తుడుచుకుని, కవరు అందుకుని జ్యోతికి ఇచ్చింది. అప్పుడు గాని రంగస్వామి మనసు కుదుటపడలేదు.

"ఏం పద్ధతత్తా ఇది," అని జ్యోతి కవరు చించుతూ విసుక్కుంది.

సుంకమ్మ విసుక్కోలేదు. రెండేళ్ల కిందట వానల్లేక ఇంటిల్లిపాదీ గుంటూరుకు మిరపకాయలు కోయడానికి వెళ్లారట. అప్పుడే కూతురికి హాస్టల్లో సీటొచ్చింది. పెట్టె, దుప్పటి, కంచం, గ్లాసు లేనిదే చేర్చుకోమన్నారు. అన్నీ ఎవరో పంపారు. రంగస్వామి తెచ్చిచ్చాడు, అతనికి ఆంజనేయ ఇచ్చాడట, ఆంజనేయకు మరెవరో.

"ఎవురిచ్చినారో ఇప్పటికీ తెలీదు పాపా. తెలిసింటే వాళ్లింటి ముందర తల దించుకొని పోతాంటి. తెలీదు గాబట్టి ఊర్లో అందరి మొగం చూసి మాట్లాడతాండా."

జ్యోతి చేతిలో కాగితం అప్పటికే విప్పి ఉంది. పోస్టాఫీసు దస్తూరీలో నాలుగే ముక్కలు.

"పింఛను దుడ్లు సర్కారువి. దండాలు మాత్రం నాకు పెట్టినారు. మా అమ్మ వయసు ఆడోళ్లు గూడా పెట్టినారు. ముప్పై ఏండ్లు సిగ్గుతో చచ్చినాను. మీ కంప్యూటర్లో మారిన చేతులన్నీ కనపడనీండి. ఇచ్చినోని మొగం మాత్రం తీసుకునేటోళ్లకు కనపడనియ్యొద్దు. మా పాపకు ఈ సంగతి తెలుసు. తెలియకపోతే ఈ కవరు చేరేలోపల తెలుస్తాది."

బస్టాండు బెంచీ మీద కూర్చుని ఉత్తరాన్ని ఫోటో తీసింది. పెద్దనాయన ఫోన్లో వేసిన ప్రశ్నకు తనకు తోచిన జవాబు నాలుగు వాక్యాల్లో రాసింది. ఐదుకు ఆరు నిమిషాల ముందు దరఖాస్తు వెళ్లిపోయింది.

పది రోజులకు మెయిలొచ్చింది. ఎంపికైంది. మీ పెద్దాయన అడిగిన దానితోనే పని మొదలుపెడదాం అని రాశాడు గురువు. జ్యోతి అది మూడుసార్లు చదివి, మంచం మీద వెల్లకిలా పడి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. బిల్లింగ్ కౌంటరు తప్పింది. ఆ పూట ఉగ్గాని, బజ్జీలు రెండు ప్లేట్లు లాగించి, ఈరన్నకు ఫోన్ చేసింది. ఆయన పొంగిపోయి, మహాదేవమ్మకు కూడా చెప్పించి, మళ్లీ తనే ఫోన్ తీసుకున్నాడు. అప్పుడు అడిగింది.

"పెద్దనాయనా, సుంకమ్మత్త కూతురికి పెట్టె పంపింది నువ్వే కదా?"

"నేనా? సుంకమ్మ చేతికి నేను ఏమన్నా ఇస్తాంటే నువ్వు చూసినావా?"

"చూల్లేదు."

"ఊర్లో ఎవురన్నా చూసినారా?"

"లేదు."

"మరి?" అని గెలిచినవాడిలా అడిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఈ మాట ఇంగ యాడా అనొద్దు పాపా. ఆ పిల్లకు వచ్చే నెల పుస్తకాలు పంపాల. నువ్వు నోరు జారినావంటే పని చెడతాది."

జ్యోతి నవ్వు ఆపుకుని, తనకేమీ తెలియదని మాట ఇచ్చింది. ఆ పుస్తకాల పేర్లు మాత్రం అడిగి రాసుకుంది.