రెండోసారి కొలిచిన రోజు

లెన్సు తుడిచే స్పిరిట్ వాసన ముక్కుకు తగిలితే చాలు, మస్తాన్ గారు గుర్తొస్తారు. ఇప్పుడు నేను పనిచేసేది భూమి కింద ఒక సొరంగంలో. కంటికి కనిపించని కణాలు అందులో వెలుగుతో పోటీపడి పరుగెత్తుతాయి. అవి దారి తప్పకుండా వందల అయస్కాంతాలను వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే వరుసలో నిలబెట్టడం మా పని. ఆ పనికి నాకు అక్షరాభ్యాసం మాత్రం దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, మండే ఎండలో జరిగింది.

మస్తాన్ గారు అక్కడ సర్వే ఫోర్‌మన్. పొట్టి మనిషి. ఆయన జేబులో ఎప్పుడూ ఉతికిన రుమాలు ఉండేది. అది లెన్సుకే గాని మొహానికి కాదు. నేను డిప్లొమా ముగించి అప్పుడే ఆయన కింద చేరాను. సున్నపురాయిని కాల్చే కిల్న్ వీధంత పొడవున్న ఇనుప గొట్టం. అది రోలర్ల మీద తిరుగుతుంది. ఆ రోలర్లు వరుస తప్పితే లోపలి ఇటుకలన్నీ రాలిపోతాయి. ఒకసారి మరమ్మతుకు కిల్న్ ఆపినప్పుడు ఆ వరుస కొలిచే పని నాకిచ్చారు. మధ్యలో నా కాలు కొలిచే దుర్బిణి స్టాండుకు తగిలింది. అది రవ్వంత కదిలినా అంకెలన్నీ తప్పుతాయి. ఎవరూ చూడలేదు. నేనూ చెప్పలేదు. నా అంకెలు నమ్మి ఆయన సంతకం పెట్టేశారు.

మర్నాడు కిల్న్ వెలిగించబోతుంటే ఇక ఆగలేక చెప్పేశాను.

“నిన్ననే చెప్పలేదేందమ్మా?”

“భయమేసిందండీ.”

ఆయన నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లారు. వెనకే నేను.

“ఏంది మస్తాన్ గారూ, సంతకం పెట్టినాక అనుమానమేంది?” అని మేనేజరు అరిచారు.

“సంతకం నాదే సార్. అనుమానం కూడా నాదే. మళ్లీ కొలవాల.”

నా పేరు ఎత్తలేదు. మధ్యాహ్నం దాకా ఇద్దరం కొలిచాం. తీరా చూస్తే పాత అంకెలే వచ్చాయి. పూట పని పోయిందని మేనేజరు అందరి ముందూ ఆయన్ను నానా మాటలూ అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

“ఎందుకేడుస్తావమ్మా? రాత్రి నిద్ర పట్టిందా నీకు?”

లేదన్నట్టు తలూపాను.

“ఇయ్యాల పడుద్ది. కొలిచింది అందుకేగా!” అని నవ్వారు.

నిజంగానే ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మొన్న మా సొరంగంలో యంత్రం నడిపేవాళ్లకు వరుస అప్పగించాల్సిన గంటలో, కొత్తగా చేరిన ఇంజనీరు వచ్చి, “మేడమ్, నేను తీసిన ఒక రీడింగు మీద నాకే నమ్మకం కుదరట్లేదు” అన్నాడు. ఆలస్యమవుతుందని పైవాళ్లకు నేనే ఫోన్ చేశాను. ఎవరి రీడింగో చెప్పలేదు. తన అనుమానం నాతో చెప్పేటప్పుడు అతని గొంతు వణకలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను గర్వపడేది ఏదైనా ఉంటే అదే.