మార్గళిలో మా తొండ పట్టిన నోము

మా పాప మూడు నెలల ట్రైనింగుకని చెన్నై పోతా, తన తొండని నా నెత్తిన పెట్టింది. మన గోడల మీద తిరిగే మామూలు తొండ, అరవంలో ఓణాన్ అంటారే, అది కాదు. లైసెన్సు కాగితాలతో సహా కొన్న ఎడారి తొండ, గొంతు కింద గడ్డం మాదిరి ముళ్ళు. "నేనొచ్చేసరికి ఇది ఉండాలమ్మా" అనింది. ఉంటుందిలే పోవే అన్నాను.

ధనుర్మాసపు చలితో మార్గళి నెల పుట్టింది, తొండ తిండి మానేసింది. గుమ్మడి తురుము, మునగాకు, బొద్దింకలు, దేన్నీ చూడలేదు. అద్దాల పెట్టెలో వేడికని పెట్టిన బల్బు కింద నుంచి జరిగి ఓ మూల ముడుచుకుంది. నాకు భయమేస్తే కోపమొస్తుంది, అదేం జబ్బో. "తింటావా, తినవా" అని చెంచాతో దాని నోరు తెరవబోయాను. పాపకి చిన్నప్పుడు అట్లనే పెట్టినాను మరి.

మా అత్త నా చెయ్యి లాగేసింది. "ఏంది నీ దౌర్జన్యం? అది మార్గళి నోము పట్టింది. షుగరని నన్నెట్లాగూ పట్టనియ్యవు, దాన్నన్నా పట్టనీ."

నమ్మక, మూలకుళంలో పశువుల డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోయాను. ఆయన నవ్వాడు. "మీ అత్తగారి మాటే నయం. ఎండే దీని పొయ్యి. పగలు తగ్గితే ఒళ్ళే ఆ పొయ్యిని సిమ్‌లో పెట్టేస్తుంది. ఇప్పుడు కుక్కితే తిండి అరక్క కడుపులో కుళ్ళుతుంది. వారానికోసారి తూకం చూడండి, పెద్దగా తగ్గకుంటే భయం లేదు."

వారానికోసారా? నేను రోజూ చూశాను. ముదలియార్‌పేటలో మాది పచారీ అంగడి. పప్పులు తూచే కాటా మీద కాగితం పరిచి పడుకోబెట్టేదాన్ని. మొదటి రోజు నాలుగొందల పన్నెండు గ్రాములు. "కిలో ఎంతక్కా?" అని వచ్చినోళ్ళంతా ఆటపట్టించేవాళ్ళు. పాప ఫోన్ చేస్తే "బాగుంది" అని పెట్టేసేదాన్ని. పొద్దున ఇడ్లీ మాత్రం నా గొంతు దిగేది కాదు.

అత్త రోజూ పూజకి కోసిన మందారాల్లో ఒకటి దాని పెట్టెలో పెట్టేది. సంక్రాంతితో మొదలైన తై నెల సగం పోయి, ఎండ చురుక్కుమన్న ఒక పొద్దున, "ఇట్లా రా" అని మెల్లగా పిలిచింది. తొండ బల్బు కింద తలెత్తి కూర్చోనుంది, నోటి నిండా ఎర్ర రెక్కలు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చినాయి.

అంగడికి తీసుకుపోయి తూచాను. నాలుగొందల ఐదు. నెలన్నర ఉపాసానికి ఏడంటే ఏడు గ్రాములు! ఆ సంబరంలో నేనూ బియ్యం మూటల కాటా ఎక్కాను. మూడున్నర కిలోలు తగ్గినాను.

ఇడ్లీ క్యారియర్‌తో వచ్చిన అత్త కాటాని చూసింది, నన్ను చూసింది.

"అయితే నోము పట్టింది నువ్వా?" అని మూత తీసి నా ముందర పెట్టింది. "తింటావా, చెంచాతో నోరు తెరవమంటావా?"