హాలు మీద బిగించిన వెంటిలేటర్

ముప్పై ఏళ్లు ఏలూరు బళ్లో సైన్సు చెప్పాను. వేడిగాలి పైకి పోతుందనీ, ఆ ఖాళీలోకి చల్లగాలి వస్తుందనీ బోర్డు మీద బాణం గుర్తులు వేసి మరీ చెప్పేవాణ్ణి. రిటైరయ్యాక కొల్లేరు పక్కన మా రేకుల ఇంట్లో ఎండాకాలం ఉడికిపోతుంటే ఆ పాఠం గుర్తుకొచ్చింది. తాడేపల్లిగూడెం నుంచి మేస్త్రీని పిలిపించి, టర్బైన్ వెంటిలేటర్ తెప్పించాను. దానికి కరెంటు అక్కర్లేదు. కప్పు మీద గాలికి తిరుగుతూ ఇంట్లో వేడిని పైకి లాగేస్తుంది.

నిజానికి అందరికంటే ఎక్కువ ఉడికేది మా ఆవిడ. వంటింట్లో వేపుళ్ల పొగకీ పోపు ఘాటుకీ ఏళ్ల తరబడి దగ్గుతూనే ఉంది. "ఆ పొగలో ఉండకండమ్మా," అని డాక్టరు గారు చెప్పారు. నేను నెలనెలా దగ్గు మందు సీసా తెచ్చిచ్చి, నా బాధ్యత తీరిందనుకునేవాణ్ణి.

మేస్త్రీ ఇల్లంతా చూసి, "వంటింటి మీదైతే బాగుంటాదండి మాస్టారూ. పొగంతా పోద్దండి," అన్నాడు.

"ఆగ్నేయంలో కప్పుకి చిల్లేంటయ్యా? హాలు మీద పెట్టు," అన్నాను.

వాస్తు నేను పిల్లలకెప్పుడూ చెప్పని పాఠం. అయినా అది సాకు మాత్రమే. నా పడక్కుర్చీ ఉండేది హాల్లో. గుమ్మం దగ్గర నిలబడి విన్న మా ఆవిడ లోపలికెళ్లి కూరలు తరుక్కుంది.

వెంటిలేటర్ చక్కగా తిరిగింది. చేపల చెరువుల దోమలొస్తాయని హాలు కిటికీలూ వీధి తలుపూ మూయించాను. ఇక బయటి గాలి రావడానికి మిగిలింది వంటింటి కిటికీ ఒక్కటే. ఆ గాలి మా ఆవిడ దగ్గరకు చల్లగా వచ్చి, పొయ్యి మీది పొగనూ ఎండుమిరపకాయల ఘాటునూ వెంటబెట్టుకుని, తిన్నగా నా పడక్కుర్చీ దగ్గరకొచ్చి, ఆ తర్వాతే పైకి పోయేది. నా బాణం గుర్తులు ఒక్కటీ తప్పలేదు. చూడ్డానికొచ్చిన వాళ్లతో మాత్రం, "చాలా హాయిగా ఉందండీ," అనేవాణ్ణి, కళ్లు తుడుచుకుంటూ.

పది రోజులు ఓర్చుకున్నాను. ఇక లాభం లేదని, "దాన్ని తీయించి వంటింటి మీద పెట్టిస్తాను, నీ దగ్గు కోసం," అన్నాను ఉదారంగా.

"అక్కర్లేదండీ. నాకు తగ్గి వారమైంది," అంది.

నేను గమనించనే లేదు. ఇంత చిన్న ఇంట్లో ఏళ్లనాటి దగ్గు ఆగిపోతే ఆ మాత్రం తెలియకపోవడమేమిటని నిజంగా సిగ్గేసింది. ఏదో అందామని నోరు తెరిస్తే దగ్గొచ్చింది. ఆవిడ లోపలికెళ్లి, మిరియాల కషాయం గ్లాసుతో తెచ్చి నా చేతికిచ్చింది.

"మొన్న పోపు పెట్టినప్పుడు తొమ్మిదిసార్లు దగ్గారు. నిన్న పదకొండు. తాగండి."