హీరో దిగితే ఎగిరిన కాగితాలు

మా చిన్నప్పుడు... సిడ్నీలో తెలుగు సినిమా అంటే ఎప్పుడో నెలకో, రెండు నెలలకో ఒక్క ఆట. మా వెస్ట్‌మీడ్ ఫ్లాట్స్‌లోనే ఉండే మూర్తి అంకుల్ ఓ పాత హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నం వేయించేవారు. ఇంటర్వెల్లో సమోసాలు, అమ్మ స్టీలు కేరియర్లో తెచ్చిన జంతికలు...

మా నాన్న డాక్టరు. ఆసుపత్రిలో పైవాళ్ళు ఒక మాటంటే నోరు మూసుకుని, ఇంటికొచ్చి మా మీద విసుక్కునే రకం. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. ఆయనకు ఫైటింగ్ హీరో అంటే ప్రాణం. శనివారమే కత్తెర పట్టుకుని, పోస్టుడబ్బాలో పడ్డ సూపర్‌మార్కెట్ ప్రకటన కాగితాలన్నీ చేటడు ముక్కలు చేసుకునేవారు. అంత చదువుకున్న మనిషి...

ఆ ఆదివారం హాలువాళ్ళు ముందే చెప్పారు, కాగితాలు విసిరితే ఇక హాలివ్వమని. మూర్తి అంకుల్ తెర ముందు నిలబడి అందరినీ బతిమాలారు. అందరూ తలలూపారు. హీరో కారు తలుపు తన్ని దిగాడో లేదో... మా వరస నుంచి గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా కాగితాలు లేచాయి. మొదటి గుప్పెడు నాన్నదే. నేను పక్కనే ఉన్నాను.

బొమ్మ ఆగింది. లైట్లు వెలిగాయి. మేనేజరు వచ్చింది, నిండా పాతికేళ్ళుండవు ఆ అమ్మాయికి. విసిరినవాళ్ళు లేచి ఏరితే సరే, లేకపోతే ఇదే మీ ఆఖరి ఆట అంది. డాక్టర్లు, ఇంజనీర్లు, యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాళ్ళు... అందరికీ ఒక్కసారిగా తమ బూట్లు చూసుకోవాలనిపించింది. ఆ అమ్మాయి మూర్తి అంకుల్‌ని అందరి ముందూ నిలబెట్టి దులిపేస్తోంది. పాపం, ఆయన సారీ, సారీ అంటూనే ఉన్నారు.

అమ్మ మెల్లగా అడిగింది. "ఏవండీ, మీరు లేస్తారా, నన్ను లేవమంటారా?"

"నేనొక్కణ్ణేనా వేసింది? సీన్ చెయ్యకు, కూర్చో," అన్నారు నాన్న.

అమ్మ లేచింది. మావాళ్ళే విసిరారని ఇంగ్లీషులో చెప్పి, ఆ అమ్మాయి దగ్గర చీపురు తీసుకుంది. పట్టుచీర కొంగు బొడ్లో దోపుకుని సీట్ల కింద ఊడ్చింది. నేను చేతులతో ఏరాను. మగవాళ్ళు మాత్రం చాలా మర్యాదగా కాళ్ళు పైకెత్తి దారిచ్చారు.

అమ్మ చీపురు తిరిగిచ్చి రాకముందే బొమ్మ మళ్ళీ పడింది. తెర మీద హీరో, తప్పు చేసినవాడు మగాడైతే ముందుకు రావాలని అరుస్తున్నాడు. హాలంతా ఈలలు. అందులో నాన్న ఈల ఏదో నాకు తెలుసు.

యాక్షన్ హీరోలో ఏం చూసి జనం పడిపోతారని ఇప్పటికీ చర్చలు పెడతారు... కండలట, స్టైలట, డైలాగులట. అవేవీ కాదు. వాడు వీళ్ళ బదులు లేచి నిలబడతాడు. టికెట్టు కొంటే చాలు, వీళ్ళు కుర్చీ దిగక్కర్లేదు.

అమ్మ పుణ్యాన ఆ హాలు ఇంకొన్నేళ్ళు మనవాళ్ళకు దక్కింది. ఇప్పుడు ఆ హాలే లేదు. మేం తర్వాత మారిన గిరావీన్ పేటలో, ఇంటికి దగ్గర్లోనే వారం వారం తెలుగు ఆటలు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. నాన్న ఇప్పటికీ మొదటిరోజే వెళతారు. అమ్మ మాత్రం ఆ ఆదివారం తర్వాత మళ్ళీ ఏ సినిమాకీ వెళ్ళలేదు. ఎందుకని ఆయన ఒక్కసారీ అడగలేదు.

మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు ఇలాంటి వీరాభిమానులు... వాళ్ళ కబుర్లు నాకొద్దు. వాళ్ళు కూర్చుండిపోయినప్పుడు మీ ఇంట్లో లేచి నిలబడింది ఎవరో, ఆవిడ గురించి రాయండి.