పన్నెండో తుపాకి

మొన్న సాయంత్రం మా పక్క చెరుకు తోటవాళ్ళు పందులను తోలడానికి ఏదో పెద్ద టపాసు పేల్చారు. ఆ చప్పుడుకి పెరట్లో కోళ్ళు చెదిరిపోయాయి, మా ఆవిడ చేతిలోని చేట జారి బియ్యం గచ్చు మీద పడ్డాయి, నేను మటుకు కుర్చీలోంచి కదలకుండా, అలవాటు కొద్దీ "పన్నెండోది" అన్నాను. పెళ్ళయిన కొత్తల్లో అయితే ఆ మాటకు అర్థమేమిటని అడిగేది. ఇప్పుడు అడగదు. "మీ పెద్దనాన్న గారిది కాదులెండి, పక్కోళ్ళ టపాసే. ఆ బియ్యం ఎత్తండి ముందు" అంది.

బియ్యం ఎత్తుతూ కూచుంటే ఆ రోజులన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలు, నాకు ఇరవై నిండని వయసు. నా చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది గాని లెక్క మటుకు నన్ను వదల్లేదు. చోడవరానికి కాస్త ఎడంగా ఉన్న మా పెద్దనాన్న గానుగ దగ్గర పనికి చేరి, ఎన్ని బళ్ళ చెరుకుకి ఎన్ని పెనాల పాకం, ఎంత పాకానికి ఎంత బెల్లం అని నేల మీద బొగ్గుతో గీసుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. పెద్దనాన్న ఎద్దును అదిలించడానికి కూడా మొహమాటపడే మనిషి. వడ్డాది సంతలో ఆయన బెల్లానికి మంచి పేరు, ఆ పేరే ఆయనకు ఆస్తి. మా పెద్దమ్మ సంగతి వేరు. ఆవిడ గొంతు విప్పితే గానుగ ఎద్దులు ఎవరూ అదిలించకుండానే తిరిగేవి.

ఆ ఏడు చెరుకు ఆడే రోజుల్లో వడ్డాది సంతకు కొత్త బెల్లం వర్తకులు నలుగురైదుగురు వచ్చారు. తలపాగాలూ సంచులూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి గాని, బెల్లం ముక్క విరిచి నోట్లో వేసుకోకుండానే ధర అడిగారు. ఆ రోజుల్లో పసిపిల్లలు కూడా బెల్లాన్ని అలా బేరమాడరు. "రుసి సూడని వర్తకులేటి వీళ్ళు? సక్కెర జబ్బోళ్ళేటి?" అని మా పెద్దమ్మ సంతంతా వినేలా అంది. వాళ్ళు మారువేషంలో ఉన్న పోలీసులని పొద్దుగూకేలోగా సంతకంతా తెలిసిపోయింది. ఎందుకొచ్చారో మటుకు ఎవరికీ తెలియలేదు.

తరవాత విచారణలో బయటపడిన సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే కథ అర్థం కాదు. కొండల వైపు దొంగచాటుగా నాటు తుపాకులు పోతున్నాయని, ఆ వ్యాపారం వెనకున్న పెద్ద తలకాయను పట్టుకోవడానికి పైనుంచి ఒక ప్రత్యేక బృందాన్ని పంపారు. వాళ్ళకు చెరుకు మోపుల కింద తుపాకులు దాచి తోలుకుపోతున్న బండివాడొకడు చిక్కాడు. అక్కడే పట్టుకుని కేసు రాసుకుంటే సరిపోయేది. కాని వాళ్ళు ఆ తుపాకులను బండిలోనే ఉంచి, ఎక్కడికి పోతున్నావో అక్కడికే పొమ్మని వాణ్ణి వదిలేసి, వెనకాలే వెళ్ళి కొన్నవాణ్ణి పట్టుకుందామని పథకం వేశారు.

మన ప్రాంతంలో చెరుకు బళ్ళు ఎలా నడిచేవో నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. తెల్లవారకముందే బళ్ళన్నీ బారు కట్టేవి, ముందు బండివాడొక్కడే మెలకువగా ఉండేవాడు, మిగతావాళ్ళు మోపుల మీద గొంగడి కప్పుకుని పడుకునేవారు, ముందు బండి కింద ఊగే లాంతరు వెలుగును చూసుకుంటూ ఎద్దులు వాటంతటవే నడిచిపోయేవి. ఆ పొద్దున మంచు దట్టంగా పట్టింది. బండివాడు మంచులో దూకి ఎటో పారిపోయాడు. వాడి ఎద్దులు, పాపం, తోలేవాడు లేడని తెలియక, ముందున్న మా బళ్ళ వెంట బుద్ధిగా మా కళ్ళంలోకి వచ్చేశాయి. వెనకాల వస్తున్న వర్తకుల వేషం పోలీసులు దారి చీలిన చోట తడబడి, బుచ్చయ్యపేట వైపు పోతున్న వేరే బండి వెంటపడ్డారు. అది పెంటబండి. పొలానికి చేరాక చుట్టుముట్టి, అడుగు దాకా చేతులతో వెతికారట.

మా కళ్ళంలోకి రావలసినవి ఆరు బళ్ళు, వచ్చినవి ఏడు. ఆ మాట చెబితే పెద్దనాన్న, "ఎవుళిదో దారి తప్పొచ్చింటాది. ఆడించెయ్యండ్రా, సెరుకు ఎండబెడతామేటి? ఆళ్ళొచ్చి అడిగితే బెల్లం ఇచ్చేద్దాం" అన్నాడు. ఆయన లెక్కలన్నీ అలాంటివే. ఆ ఏడో బండి చెరుకు సగం ఆడేసరికి గానుగ కడకడమని అరిచి ఆగిపోయింది. ఎద్దులు నిలబడిపోయాయి. చెరుకు పెడుతున్న మనిషి వంగి చూసి, "బాబూ, ఇదేటి జాతండీ? ఇనప సెరుకులాగుంది" అన్నాడు. రోలరు నిలువునా పగిలి, దాని మధ్య తుపాకి గొట్టం ఇరుక్కుని ఉంది. మిగతా మోపులు విప్పితే మరో పది తుపాకులు.

పెద్దనాన్న వెంటనే మునసబుకి కబురు పంపాడు. ఆయన వచ్చేలోపే పోలీసులు వచ్చిపడ్డారు. వాళ్ళు రావడానికి కాస్త ముందే పెంట వాసన వచ్చింది. తుపాకులు పదకొండు తేలాయి, వాళ్ళ కాగితంలో పన్నెండని ఉంది. పెద్ద తలకాయ దొరకలేదు, బండివాడు లేడు, ఎవరో ఒకరిని చూపించాలి కదా. "పన్నెండోది ఎక్కడ దాచావ్?" అని పెద్దనాన్న నడుముకి తాడు కట్టి, వడ్డాది సంత మధ్యలోంచి నడిపించుకుపోయారు. ఇరుక్కున్న గొట్టం ఊడిరాక, రోలరును మొయ్యడం చేతకాక, దాన్ని మాత్రం మా దగ్గరే జాగ్రత్తగా ఉంచమని చెప్పి వెళ్ళారు.

జామీను మీద పెద్దనాన్న తొందరగానే ఇంటికొచ్చాడు గాని వచ్చినాయన పాత మనిషి కాదు. వెనక గదిలో కూచునేవాడు. సంత రోజు వస్తే జ్వరమనేవాడు. బెల్లం అమ్మడానికి నన్ను పంపేవాడు, వెళితే జనం ధర అడగడం మానేసి తుపాకి సంగతి అడిగేవారు. ఇలా ఉండగా ఆ బృందంలోని ఒకాయన మెల్లగా వచ్చి, ఎక్కడైనా ఒక పాత తుపాకి సంపాదించి ఇచ్చేస్తే లెక్క సరిపోతుంది, కేసు తేలికవుతుంది అని సలహా చెప్పాడు. పెద్దనాన్న ఇంచుమించు ఒప్పేసుకున్నాడు. పెద్దమ్మ చేటతో ఎదురొచ్చింది. "లేని తుపాకి తెచ్చిస్తే, ఉన్నాదని ఒప్పుకున్నట్టే కద నాయనా! మీ కాగితం నిండడానికి మా కొంప ముంచుతావేటి?" అని వీధి చివర దాకా సాగనంపింది.

మర్నాడు ఆవిడ చేసిన పని మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. గొట్టం ఇరుక్కున్న ఆ పగిలిన రోలరును బండికెత్తించి, నన్ను తోలమని, ఏకంగా పట్నంలో పెద్ద అధికారి కచేరీకి తీసుకుపోయి వరండాలో దింపించింది. బంట్రోతులు తీసెయ్యమన్నారు. "జాగర్తగా ఉంచమన్నది మీవోళ్ళే. మీకన్నా జాగర్తగా ఎవులుంచుతారు?" అంది. వాళ్ళకు అది కదల్లేదు. వరండాలో నడిచిన ప్రతి అధికారీ దానికి కాలు తగిలించుకుని, ఇదేమిటని అడగడం, బంట్రోతులు కథంతా చెప్పడం. అలా కాళ్ళు నొప్పెట్టిన మీదట విచారణకు ఉత్తరువు అయింది.

పెద్ద అధికారి స్వయంగా జీపులో వచ్చి, మా కళ్ళంలో తాటాకు పాక కింద నులక మంచం మీద కూచున్నాడు. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. బెల్లం పెడితే ముందు విరిచి రుచి చూశాడు, దాంతో మా పెద్దమ్మకు సగం నమ్మకం కుదిరింది. అందరినీ విన్నాక ఆయన బృందాన్ని ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"బండి వదిలేముందు తుపాకులు లెక్కపెట్టిందెవరు?"

బృందంలో పెద్దాయన పక్కాయన వైపు చూశాడు. పక్కాయన అతని పక్కవాడి వైపు చూశాడు. ఆఖరివాడికి చూడ్డానికి ఎవరూ మిగల్లేదు.

"పన్నెండని బండివాడు చెప్పాడు సార్. అదే రాసేం."

"వాడెక్కడ?"

"పారిపోయేడు సార్."

ముందు నవ్వింది మా పెద్దమ్మ. ఆ తరవాత కళ్ళమంతా నవ్వింది, అధికారి మటుకు నవ్వలేదు. ఎవరూ లెక్కపెట్టని అంకె కోసం ఒక మనిషి నడుముకి తాడు కట్టారన్నమాట. కేసు కొట్టేస్తానని, తప్పు లేదని కాగితం పంపిస్తానని ఆయన పెద్దనాన్నతో చెప్పాడు. పెద్దనాన్న దండం పెట్టబోతుంటే పెద్దమ్మ ఆపింది.

"కాగితం మా పెట్లో ఉంటాది బాబూ, ఎవులు సూస్తారు? తాడేసి సంతలో నడిపించేరు. పన్నులకీ, పశువుల టీకాలకీ సర్కారోళ్ళు దండోరా ఏయిస్తారు కదా. ఇదీ అలాగే ఏయించండి."

అలా చేస్తే ప్రభుత్వం పరువేం కావాలని పక్కనున్నాయన గొణిగాడు. అధికారి ఆ గానుగ వంక చూసి, "బండిని వదలమన్న కాగితం మీద సంతకం నాది. ఏ సంతలో ఈయన పరువు తీశామో అక్కడే చెప్పిస్తే న్యాయం" అన్నాడు. అంత పెద్ద మనిషి "నాది" అనడం నేను మొదటిసారి విన్నాను. ఆఖరిసారీ అదేనేమో.

తరవాతి సంతకు పెద్దమ్మ, బెల్లం బుట్ట మొయ్యడానికి మనిషి లేడని వంక పెట్టి, పెద్దనాన్నను లాక్కొచ్చింది. ఆయన తలగుడ్డ కళ్ళ మీదికి దించుకుని కూచున్నాడు. అప్పుడు డప్పు మోగింది.

"వినండహో! దొంగ తుపాకుల బండిని కావాలని వదిలింది సర్కారోళ్ళే! వదిలి పోగొట్టుకున్నదీ సర్కారోళ్ళే! గానుగ పెద్దాయన తప్పు ఏటీ లేదహో! పన్నెండని రాసింది ఎవులూ లెక్కెట్టి రాసింది కాదహో! పదకొండు దొరికేయి, పన్నెండోది ఉందో లేదో సర్కారుకే తెలీదహో!"

అంతవరకూ రాసిచ్చిందే. జనం నవ్వడం చూసి ఉత్సాహం పట్టలేక దండోరా ఆయన తన వంతుగా, "పెంటబండిలో ఎతికినా దొరకలేదహో!" అని కలిపి మరో రెండు దెబ్బలు ఎక్కువ వేశాడు.

సంత గొల్లుమంది. పెద్దనాన్నకు వరసకు బావయ్యే ఆయన బుట్ట దగ్గరికొచ్చి, "ఏం బావా, ఆ పన్నెండోది నాకు సవగ్గా ఇప్పించవేటి?" అన్నాడు. పెద్దనాన్న తలగుడ్డ పైకి జరిపి, బెల్లం ముక్క విరిచి బావ చేతిలో పెట్టి, "ముందు బెల్లం కొను. అది కొసరుగా ఇస్తాను" అన్నాడు. ఆ రోజు బుట్ట ఖాళీ అయిపోయింది. పగిలినదానికి బదులు సర్కారు పంపిన రోలరు మటుకు మరుసటి సంవత్సరం వచ్చింది, అదీ మా గానుగకు పట్టనిది. పెద్దమ్మ దాన్ని బట్టలుతకడానికి వేయించుకుంది.

ఇప్పుడు గానుగ లేదు, చెరుకంతా ఫ్యాక్టరీకి పోతోంది. అంకెలు మాత్రం ఆ రోజుల కంటే ఎక్కువే వినిపిస్తున్నాయి, రేడియోలోనూ పేపర్లోనూ అన్నీ సరిగ్గా కుదిరి ఉంటాయి. లెక్కలతో బతికిన వాణ్ణి గనక, అంత చక్కగా కుదిరిన లెక్క చూస్తే నాకు తుపాకి తెచ్చి కలపమన్న ఆయన గుర్తొస్తాడు. కుదరలేదని డప్పు కొట్టి చెప్పిన లెక్క ఒక్కటే నేను పూర్తిగా నమ్మింది. దండోరాలు పోయి ఆటోలో మైకులొచ్చాయి. పన్నులనీ, టీకాలనీ, మీటింగులనీ చెప్పుకుంటూ మా వీధిలోంచి పోతుంటాయి. మైకు వినబడగానే, ఎక్కడైనా లెక్క తప్పిందని చెబుతారేమోనని, నేను గుమ్మంలోకి వెళ్ళి నిలబడతాను. ఏముందని అక్కడ అని మా ఆవిడ లోపలినుంచి కేకేస్తుంది. ఏమీ లేదంటాను గాని, ఆటో మలుపు తిరిగి, ఆఖరి మాట కూడా అయిపోయేదాకా లోపలికి రాను.